క్రీడాగురువు రహీం

ఆటలయందు అభిమానము గలవారికి రెండు చింతలు ఎన్నడును తప్పవు. మన జట్టు ఈ పర్యాయము సెమీఫైనల్ చేరునా, చేరదా అనునది మొదటి చింత. నేడు ఆడుచున్న మేటి ఆటగాండ్రు తప్పుకొనిన పిమ్మట జట్టు గతి ఏమగునో యనునది రెండవ చింత. తిరుపతిలోనైనను, చిత్తూరులోనైనను సాయంకాలము మైదానము చుట్టును మూగి ఆట చూచువారిని అడిగినచో ఈ రెండు మాటలే వారి నోట వినవచ్చును. ఆట హాకీ కావచ్చును, క్రికెట్టు కావచ్చును, ఫుట్‌బాల్ కావచ్చును. చింత మాత్ర మొక్కటే. అభిమాని ఆశపడును, ఆరాటపడును; అంతకు మించి అతడు చేయగలిగినది స్వల్పము. కాని ఆ ఆశను నిజము చేయుటకును, ఆ ఆరాటమును తీర్చుటకును తన జీవితమంతయు వెచ్చించిన ఉపాధ్యాయు డొకడు తెలుగునేలపై ఉండెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యు లాయనను రహీం సాహెబ్ అని గౌరవముతో పిలిచెడివారు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఆ కాలమున హైదరాబాదు రాజ్యము నిజాము ఏలుబడిలో నుండెను. పొరుగున ఉన్న సికింద్రాబాదులో ఆంగ్లేయుల దండు విడిసియుండెను. ఆ సైనికులు ఆడు ఫుట్‌బాల్ ఆట మెల్లగా స్థానిక యువకులకును అబ్బెను. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడెను. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి, నగరమునందలి పెక్కు పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామ విద్యయందును శిక్షణ పొందెను. ఆయన ఆటగాడుగా కంటె గురువుగానే ఎక్కువ కీర్తి గడించెను. తరగతిలో పాఠము చెప్పువాని ఓర్పు, క్రమశిక్షణ ఆయనకు మైదానమునందును తోడుగా నిలిచినవి.

1940 దశకపు తొలి సంవత్సరములలో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి ఆయెను. ఆ పదవిని మరణించువరకును నిర్వహించెను. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా ఉండెను. అంతవరకు మన దేశమున ఫుట్‌బాల్ అనగానే కలకత్తా నగరమే అందరికిని స్ఫురించెడిది. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు గెలిచెను. దానితో దేశపు చూపు హైదరాబాదు వైపు మరలెను.

ఈ విజయముల వెనుక మంత్రమేమియు లేదు. రహీం శిక్షణలో ఒక ప్రత్యేకత కలదు. సాధారణముగా ఆటగాడు తనకు బాగుగా సాగు కాలితోనే బంతిని తన్నును. రెండవ కాలు చచ్చుబడినట్లే ఉండును. రహీం బలము లేని కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి పిల్లలకు పోటీలు నడిపెను. బంతిని ఒక్కడే తరుముకొనిపోక, వెంటనే తోటివానికి అందింపవలసిన పోటీలు మరికొన్ని. పొట్టివారికిని అవకాశము కలుగునట్లు ఎత్తును బట్టి బాలురను విభజించి ఆడించు పోటీలు ఇంకొన్ని. చూచువారికి ఇవి పిల్లల ఆటలుగా తోచియుండవచ్చును. కాని పది సంవత్సరముల పిమ్మట దేశము తరఫున ఆడవలసినవారు ఎవరో, వారికి ఏమి నేర్పవలెనో ఆయన అప్పుడే ఆలోచించుచుండెను. అభిమాని రేపటి పోటీని గురించి ఆలోచించును. గురువు రాబోవు తరమును గురించి ఆలోచించును.

తుల్సీదాస్ బలరామ్ అను బాలుని వృత్తాంతము ఇందుకు నిదర్శనము. అతడు సికింద్రాబాదు ప్రాంతమునందలి ఒక పేద కుటుంబమున పుట్టెను. అతని ఆటను చూచి రహీం ముచ్చటపడి, హైదరాబాదు జట్టు అభ్యాసమునకు రమ్మనెను. కాని ప్రతిదినము అంత దూరము పోయి వచ్చుటకు ఆ బాలుని వద్ద డబ్బు లేదు. రహీం సంగతి గ్రహించి, సైకిలు బాడుగకు దినమునకు ఒక రూపాయి చొప్పున తానే ఇచ్చెను. ఆ రూపాయి వృథా పోలేదు. బలరామ్ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు, 1960లో రోము ఒలింపిక్ క్రీడలకు ఎన్నికై, భారతదేశపు మేటి ఆటగాండ్రలో ఒకడుగా పేరొందెను.

రహీం దేశపు జట్టునకు శిక్షకుడైన పిమ్మట 1951 మార్చిలో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగెను. ఫైనల్‌లో భారతజట్టు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. ఆ ఒక్క గోలు మేవాలాల్ చేసెను. అభిమానుల ఆశలు ఆకాశము నంటినవి. కాని మరుసటి సంవత్సరమే గొప్ప అవమానము ఎదురాయెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10–1 తేడాతో చిత్తుగా ఓడించెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. ఆ చలి వారికి అలవాటు లేనిది. స్వదేశపు పోటీలలో ఆట తక్కువ సేపు సాగెడిది. అచ్చట 90 నిమిషములు ఆడవలసివచ్చెను. భారత ఫుట్‌బాల్‌కు ఇక భవిష్యత్తు లేదని పలువురు నిరాశ చెందిరి.

రహీం నిరాశ చెందలేదు. ఓటమిని దాచుకొనలేదు, దానిని పాఠముగా చదివెను. ఆ పరాజయము పిమ్మట అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాండ్రందరును బూట్లు ధరింపవలెనని నియమము చేసెను. రహీం ఐరోపా జట్ల ఆటను, ముఖ్యముగా ఆ కాలమున అజేయముగా వెలుగొందిన హంగేరీ ఆటను శ్రద్ధతో పరిశీలించెను. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచి ఆడు పద్ధతిని మన ఆటగాండ్రకు నేర్పెను. 1958లో బ్రెజిల్ జట్టు ఇదే పద్ధతితో ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట లోకమంతయు దానిని మెచ్చుకొనెను. అంతకు ముందే అది మనవారికి పరిచితమైనది.

1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడెను. దక్షిణమున చిత్తూరు మొదలు ఉత్తరమున ఆదిలాబాదు వరకు తెలుగువారు ఒకే రాష్ట్రపు ప్రజలైరి. సరిగా నెలరోజులకు, డిసెంబరు 1వ తేదీన, రహీం తీర్చిదిద్దిన జట్టు మెల్బోర్న్ నగరమున ఆస్ట్రేలియాతో క్వార్టర్‌ఫైనల్ ఆడెను. ఆ జట్టులో హైదరాబాదు యువకులు పలువురుండిరి. ఆస్ట్రేలియా స్వదేశములో, స్వజనుల యెదుట ఆడుచుండెను. అయినను మన జట్టు 4–2 తేడాతో గెలిచెను. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్సు చేసిన మొదటి ఆసియావాసి అతడే. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

సెమీఫైనల్‌లో ప్రత్యర్థి ఎవరు? నాలుగు సంవత్సరముల క్రిందట పది గోల్సు చేసిన యుగోస్లావియాయే. ఈ పర్యాయము మొదటి సగములో ఆ జట్టు ఒక్క గోలైనను చేయజాలకపోయెను. రెండవ సగము మొదలైన కొంతసేపటికి నెవిల్ డిసౌజా గోలు చేయగా భారతజట్టే ముందంజ వేసెను. కొన్ని నిమిషములపాటు పతకము మన చేతికి అందినట్లే తోచెను. కాని యుగోస్లావియా తేరుకొని వరుసగా దాడిచేసి 4–1 తేడాతో గెలిచెను. మూడవ స్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో మనవారు 3–0 తేడాతో ఓడిరి. నాలుగవ స్థానము దక్కెను, పతకము దక్కలేదు. అయినను 10–1కిని 4–1కిని నడుమనున్న వ్యత్యాసమే రహీం నాలుగు సంవత్సరముల కృషికి కొలమానము.

1960లో రోము ఒలింపిక్ క్రీడలలో మన జట్టునకు హంగేరీ, ఫ్రాన్సు, పెరూ జట్లతో తలపడవలసివచ్చెను. హంగేరీతో 2–1 తేడాతో ఓడెను. ఫ్రాన్సుతో ముందంజలో నుండియు, చివరకు 1–1తో సమముగా ముగించెను. పెరూ చేతిలో ఓడి ఇంటిదారి పట్టెను. ఫలితము చూచినవారు పెదవి విరిచిరి. ఆట చూచినవారు మాత్రము ఈ జట్టు గొప్ప జట్లతో సరితూగగలదని గుర్తించిరి.

అప్పటికి రెండు సంవత్సరములకు, 1962లో, జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. ఆ సమయమునకే రహీం దేహమును క్యాన్సర్ వ్యాధి తినివేయుచుండెను. బాధను ఓర్చుకొనుచునే ఆయన జట్టును వెంటబెట్టుకొని పోయెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని 2–0 తేడాతో ఓడించెను. మరల అవే చింతలు, అవే నిట్టూర్పులు. పిమ్మట థాయిలాండుపై 4–1 తేడాతో గెలిచిరి గాని, ఆ ఆటలో రక్షణపంక్తికి వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. జపానును 2–0 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరిరి.

ఇచ్చట రహీం ఎవరును ఊహింపని పని చేసెను. తలకు కట్టుతో నున్న జర్నైల్ సింగును వెనుక నిలుపక, ముందు నిలిపి గోల్సు చేయు పని అప్పగించెను. సెమీఫైనల్‌లో మనవారు దక్షిణ వియత్నాముపై 3–2 తేడాతో గెలిచిరి. ఫైనల్‌లో మరల దక్షిణ కొరియాయే ఎదురాయెను.

ఫైనల్ ఆడుట మిక్కిలి కష్టమైనది. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను ఇండొనీషియా రానీయకపోవుటను భారతీయ ప్రతినిధియగు సోంధి విమర్శించియుండెను. అందుచే స్థానిక ప్రజలు మనపై కోపగించి, భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. 1962 సెప్టెంబరు 4వ తేదీన మన జట్టు మైదానమున అడుగిడినప్పుడు లక్షమంది ప్రేక్షకులు ఈసడింపుగా కేకలు వేసిరి. భారత హాకీ జట్టును ఆ క్రీడలలోనే ఓడించిన పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మాత్రము గ్యాలరీలో కూర్చుండి మనవారిని ప్రోత్సహించిరి. మైదానములోని స్పర్ధ మైదానము వెలుపల స్నేహమునకు అడ్డు కాదని వారు చూపిరి.

అంతకు ముందు రాత్రి రహీం తన శిష్యులను చేరబిలిచి, తనకు ఒక్క కానుక కావలెననియు, అది స్వర్ణపతకమనియు చెప్పెను. గురువు రోగమును ఎరిగిన శిష్యుల హృదయములు కరగెను. ఆట మొదలైన 17వ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. మూడు నిమిషములు గడువకమునుపే తలకట్టుతో ఆడుచున్న జర్నైల్ సింగ్ రెండవ గోలు చేసెను. చివర కొరియా ఒక గోలు చేసినను, హైదరాబాదున పుట్టిన గోల్ కాపరి పీటర్ తంగరాజ్ మరి దేనిని లోనికి పోనీయలేదు. నాయకుడు చునీ గోస్వామి జట్టు 2–1 తేడాతో స్వర్ణము గెలిచెను. కోరిన కానుక గురువునకు దక్కెను.

ఆ సంతోషమును ఆయన ఎక్కువ కాలము అనుభవింపలేకపోయెను. 1963 జూన్ 11వ తేదీన రహీం పరమపదించెను. అప్పటి కాయన వయస్సు 53 సంవత్సరములు మాత్రమే.

ఆయనతోపాటు భారత ఫుట్‌బాల్ వైభవమును చాలవరకు అస్తమించెను. 1970లో ఆసియా క్రీడలలో కాంస్యము దక్కినను, స్వర్ణము మరల రాలేదు. 1960 తరువాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలకు అర్హత పొందలేదు. అభిమానుల రెండవ చింత నిజమైనది. ఇందులో మనము నేర్వదగిన పాఠ మొకటి కలదు. రహీం గెలిచిన పతకములను దేశము భద్రపరచుకొనెను. ఆయన బాలురకు నడిపిన పోటీలను, బలము లేని కాలికి నేర్పిన పాఠములను అంత శ్రద్ధతో నిలుపుకొనలేదు. చెట్టు పండ్లను కోసికొని వేళ్లకు నీరు పోయుట మరచినట్లాయెను. గురువు ఎంత గొప్పవాడైనను, ఆతని పనిని కొనసాగించువారు లేనిచో ఆ విద్య ఒక తరముతోనే అంతరించును.

2024లో రహీం జీవితము ఆధారముగా ఒక హిందీ చలనచిత్రము వెలువడగా, మరచిపోయిన ఆ పేరు మరల జనుల నోట మెదలినది. ఆయనకు తగిన స్మారకము చిత్రము కాదు, విగ్రహము కాదు. పిల్లలు ఆడుకొను మైదానము, వారికి ఓర్పుతో నేర్పు గురువు. మేటి ఆటగాండ్రు మహానగరములలోనే పుట్టరు. చిత్తూరు సీమయందలి ఎనుములవారిపల్లె అను చిన్న గ్రామమున పుట్టిన రజని భారత మహిళల హాకీ జట్టునకు గోల్ కాపరి కాగలిగెను గదా! జట్టు గెలువవలెనని ఆశపడుట అందరికిని సులభమే. ఆ గెలుపునకు నేటినుండియే పిల్లలను సిద్ధము చేయుట కష్టము. ఆ కష్టమును ఇష్టముగా చేసికొనినవాడు కనుకనే, రోగశయ్యకు చేరువైన దినములలోను రహీం భవిష్యత్తును గురించి భయపడలేదు. దానిని తీర్చిదిద్దుచునే ఉండెను.