ఈ నెల మహనీయులు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948)

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్‌ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తల్లి వెంకమ్మ గారు పట్టు వదలకుండా చదివించారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు.

ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగానే, 1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో చాలామందిని బలిగొన్నది ఫ్లూ వెంటే వచ్చిన బాక్టీరియా న్యుమోనియా. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు.

బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధించారు. శరీరకణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలుగులోకి తెచ్చినవారిలో ఆయనొకరు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఫోలిక్ యాసిడ్ తయారీకి, బోదకాలు మందుకు బాటవేశారు. ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు గారు కన్నుమూశారు.

తల్లిదండ్రులకు

ఆయన బృందం ఇచ్చిన మందు బాక్టీరియాను అణచగలదు, ఫ్లూ వైరస్‌ను కాదు. పైగా టెట్రాసైక్లిన్లు పళ్ల రంగు మార్చేస్తాయని ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. కాబట్టి జ్వరం రాగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనకండి. ఆస్పిరిన్ అసలే వద్దు.

ఐదేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా రెండేళ్లలోపు వారికి, ఆస్తమా, గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారికి ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ. వారికి జ్వరం, దగ్గు మొదలైతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఒసెల్టమివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. జబ్బు తీవ్రంగా ఉంటే ఆ తర్వాత కూడా ఇస్తారు. న్యుమోనియా తోడైతే యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టరే నిర్ణయిస్తారు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి:

• ఆయాసం, పక్కటెముకలు లోపలికి లాక్కుపోవడం
• పెదవులు నీలంగా మారడం
• నీళ్లు, పాలు తాగకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం
• మగతగా పడి ఉండడం, ఫిట్స్
• తగ్గిన జ్వరం, దగ్గు మళ్లీ తిరగబెట్టడం

మన ఉస్మాన్‌గంజ్‌కు దగ్గర్లో, రెడ్‌హిల్స్‌లో, స్త్రీలు, పిల్లల కోసం నీలోఫర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి.

ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఏటా ఫ్లూ టీకా వేయించవచ్చు. జ్వరం ఉన్న రోజున బిడ్డను బడికి పంపకండి. హాజరు కన్నా ఆరోగ్యం ముఖ్యం.