శ్రీనాథుని విస్తరి

శ్రీనాథ మహాకవి పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆయన పాండిత్యాన్ని గురించి వ్రాయడానికి పెద్దలు ఎందరో ఉన్నారు. రైల్వేలో గుమాస్తా పని చేసుకునే నావంటివాడు ఆ మహాకవిని గురించి కలం పట్టడానికి ఒక కారణం ఉంది. శ్రీనాథుడు నాకు పుస్తకాలలో కంటె ముందు మా నాన్నగారి విస్తరి దగ్గర పరిచయమయ్యాడు.

మా నాన్నగారు భోజనప్రియులు. పక్కన మరొక మనిషి లేనిదే విస్తరి ముందు కూర్చునేవారు కారు. కూరలో ఉప్పు ఎక్కువైన నాడు కోపగించుకోక, శ్రీనాథుడు పల్నాటిలో పడిన పాట్లు చెప్పి మా అమ్మను నవ్వించేవారు. వారు కాలం చేసి రెండేళ్ళయింది. ఈ ఉగాదికి వారిని తలచుకుంటూ, వారికి ప్రియమైన కవి జీవితకథను నాకు తెలిసినంత వరకు మన సంఘ సభ్యుల ముందు పెడుతున్నాను.

శ్రీనాథుడు పద్నాలుగో శతాబ్ది చివరలో పుట్టి, పదిహేనో శతాబ్ది పూర్వార్ధంలో వెలిగినవాడు. తల్లి భీమాంబ, తండ్రి మారయ. తాత కమలనాభామాత్యుడు కూడా కవియే. పసితనంలోనే మరుత్తరాట్చరిత్ర, యౌవనం వస్తూండగా శాలివాహన సప్తశతి రచించాడు. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) ఆయనను తన ఆస్థానంలో విద్యాధికారిగా నియమించాడు. ఆ పదవిలో ఉండగానే శృంగార నైషధం తెనిగించి మంత్రి మామిడి సింగనకు అంకితమిచ్చాడు. నలదమయంతుల పెళ్ళివిందు ఘట్టం చదివితే, ఆ పంక్తిలో మనమూ కూర్చున్నట్టే ఉంటుంది. మూలం శ్రీహర్షుని సంస్కృతమే అయినా, తెలుగులో వడ్డించినవాడు మాత్రం తిండి రుచి తెలిసినవాడు.

ఆ కాలంలో రెడ్డిరాజులది వైభవోపేతమైన జీవితం. కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపించి కర్పూర వసంతరాయలని పేరు పొందాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధ ద్రవ్యాలను సమకూర్చినవాడు అవచి తిప్పయ్యసెట్టి. సముద్రాల మీద ఓడలు నడిపిన వర్తకుడు, శ్రీనాథునికి చిన్ననాటి స్నేహితుడు. రాజులకే కాక ఈ వర్తకునికి కూడా శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. పెట్టేవాని కులం కంటె మనసు పెద్దదని ఆయన ఎరుగును.

అయితే కవి ఎప్పుడూ ఒకచోట ఉండలేదు. ఊళ్ళు తిరిగాడు. తిరిగిన చోటల్లా తిండిని గురించి, నీళ్ళను గురించి, మనుషులను గురించి చాటుపద్యాలు చెప్పాడు. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులన్నీ ఆయనవి కావని పండితులంటారు. కాని ఆ హాస్యం వేరొకరికి అతికించినా అతకదు. పల్నాటిలో సన్నన్నం దొరకక జొన్నకూడే గతి అయినప్పుడు, ఆయన ఏకంగా శ్రీకృష్ణునికే సవాలు విసిరాడు. పూతన విషాన్ని తాగడం, కార్చిచ్చును మింగడం గొప్ప కాదట. చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో జొన్నముద్ద ఒక్కటి గొంతు దిగితే అప్పుడు దేవుడని ఒప్పుకుంటాడట. దాహానికి నీళ్ళు లేనిచోట శివునితో తగవు పెట్టుకున్నాడు. బిచ్చమెత్తుకునేవానికి ఇద్దరు పెళ్ళాలెందుకు, పార్వతిని ఉంచుకుని గంగను ఇటు వదలిపెట్టమన్నాడు. మా ఇంట్లో కుళాయి రాని రోజున నాన్నగారు తప్పక చెప్పే కథ ఇది.

మనం స్థిరపడిన ఈ కన్నడదేశానికి కూడా శ్రీనాథుడు వచ్చాడు. విజయనగరాన్ని ప్రౌఢదేవరాయలు (1424–1446) ఏలుతున్న రోజులవి. మనం సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకుపోయి చూసే హంపీయే ఆ విజయనగరం. రాజదర్శనం వెంటనే దొరకలేదు. నెత్తిన కుళ్ళాయి పెట్టి, పొడుగు అంగీ తొడిగి, ఇక్కడి వేషం వేసుకున్నాడు. వెల్లుల్లి, నువ్వులపిండి తిని, అంబలి తాగి, కన్నడ రాజ్యలక్ష్మికి దయ రాలేదా అని మొరపెట్టుకున్నాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనవాళ్ళు మొదటి నెలలో ఇంటికి వ్రాసే ఉత్తరాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

చివరకు దయ వచ్చింది. ఆస్థాన పండితుడు గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించాడు. రాయలు ముత్యాలశాలలో కవికి కనకాభిషేకం చేయించాడు. బంగారు నాణేలతో స్నానమాడిన కవి మరి ఎందరున్నారు? అందాకా మొరపెట్టుకున్న కన్నడదేశమే ఆయనను అందలమెక్కించింది. మా నాన్నగారు నా దగ్గరకు వచ్చినప్పుడు పొరుగింటివారు జొన్నరొట్టె, ఎణ్ణెగాయి పంపారు. ఆయన నాలుగు రొట్టెలు తిని, శ్రీనాథుడికి మంచి వంటమనిషి తటస్థపడలేదని తీర్పు చెప్పారు.

తరువాత కవి రాజమహేంద్రవరం చేరాడు. మంత్రి బెండపూడి అన్నయకు భీమేశ్వర పురాణం, ప్రభువు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. కాశీఖండంలో వ్యాసుని ఆకలికథ ఉంది. కాశీలో వ్యాసునికీ శిష్యులకూ భిక్ష దొరకదు. ఆకలికి ఓర్వలేక ఆయన నగరాన్ని శపించబోతాడు. అంతలో ఒక ఇంటి ముంగిట పెద్దముత్తయిదువ కనిపించి, మందలించి, భోజనానికి రమ్మంటుంది. అంత ఆకలిలోనూ, శిష్యులు తినందే తాను తిననని వ్యాసుడంటాడు. అందరినీ తీసుకురమ్మంటుంది ఆ తల్లి. ఆమె సాక్షాత్తు విశాలాక్షి. ఆకలి ఎంతటివానిచేతనైనా ఎంత మాట అనిపిస్తుందో, ఒక పిలుపు దాన్ని ఎలా చల్లారుస్తుందో శ్రీనాథునికి తెలుసు.

ఆ తెలివి ముసలితనంలో ఆయనకే అనుభవానికి వచ్చింది. ఆదరించిన ప్రభువులు ఒకరొకరే పోయారు. 1448 ప్రాంతాన రాజమహేంద్ర రాజ్యం ఒరిస్సా గజపతుల వశమైంది. కవి కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకుని సేద్యానికి దిగాడు. పైరును కృష్ణ వరద కొట్టుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినిపోయాయి. ఏడువందల టంకాల శిస్తు కట్టలేకపోయాడు. చాటువులు చెప్పేదాన్నిబట్టి, కనకాభిషేకం జరిగిన ఆ ఒంటికే సంకెళ్ళు పడ్డాయి. వీధిలో, ఎదురెండలో, భుజాన బరువుతో నిలబెట్టారు.

అటువంటి స్థితిలో మరొకరైతే లోకాన్ని తిట్టేవారు. శ్రీనాథుడు మాత్రం తనకు పెట్టినవారిని పేరుపేరునా తలచుకున్నాడు. వీరారెడ్డి విశ్వేశ్వరునిలో కలిశాడు, ఇక మేలి వస్త్రాలు ఎవరిస్తారు? మైలారరెడ్డి కైలాసం వెళ్ళాడు, రోజువారీ ఖర్చు ఎవరు చూస్తారు? తెలుంగురాయడూ పోయాడు, కస్తూరి ఎవరిని అడగాలి? విస్సనమంత్రి స్వర్గస్థుడయ్యాడు, బంగారు పళ్ళెంలో అన్నం ఇక ఎవరి పంక్తిని దొరుకుతుంది? ఇదీ ఆ పద్యం సారాంశం. ముగింపులో మళ్ళీ పాత ధీమాయే. స్వర్గంలోని కవుల గుండెలు దడదడలాడేటట్లు శ్రీనాథుడు అమరపురికి బయలుదేరాడట.

చిన్నప్పుడు ఈ పద్యం విని, చనిపోయే ముందు కూడా తిండి గోలేనా అని నేను నవ్వాను. నాన్నగారు నవ్వలేదు. ఆ పళ్ళెం బంగారానిదని కాదు, పక్కన విస్సనమంత్రి కూర్చునేవాడని ఏడ్చాడన్నారు. అప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

కిందటేడు సంవత్సరీకం వెళ్ళాక, ఒకనాడు మా అమ్మ గుత్తివంకాయ కూర చేసింది. రుచిగానే ఉంది. అందరం తిన్నాం గాని, ఉప్పు ఎక్కువైందని సరదాకైనా అనేవారు లేక ఆమె చాలాసేపు గరిటె పట్టుకుని నిలబడింది. ఆ పూట నాకు శ్రీనాథుని పద్యం అర్థమైంది.

సుఖపడడం తెలిసినవాడు, నలుగురిని నవ్వించినవాడు పోయిన తరువాత మిగిలే వెలితి పెద్దది. దాన్ని పూడ్చే మార్గం మనకు శ్రీనాథుడే చూపాడు. పెట్టినవారిని మరువకుండా పేరు పెట్టి తలచుకోవడం, మరొక మనిషిని పంక్తికి పిలవడం. ఈ ఉగాదినాడు మా ఇంట, కొత్తగా బదిలీ అయి ఒంటరిగా వచ్చిన ఒక కుర్రవానికి అమ్మ విస్తరి వేస్తానంది. మీ ఇళ్ళలోనూ ఒక విస్తరి అదనంగా వేయండి. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.