రుద్రమదేవి

హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పలు, నాచారము ప్రాంతములలో నేడు కరాటే మొదలగు ఆత్మరక్షణ విద్యలు నేర్చుకొను బాలికలు కలరు. ఆడుపిల్లలకు ఇట్టి విద్య క్రొత్తదని కొందరు తలంతురు. అది నిజము కాదు. ఉప్పలునుండి తూర్పునకు సాగు రహదారి భువనగిరి, జనగామల మీదుగా 130 కిలోమీటర్లకు పైగా పోయి ఓరుగల్లు చేరును. ఆ నగరమున ఏడువందల యేండ్లకు పూర్వమే ఒక రాజపుత్రిక ఆయుధవిద్య నేర్చి, రాజ్యము నేలినది. ఆమెయే కాకతీయ రుద్రమదేవి.

ఆమె తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన 1199వ సంవత్సరమున సింహాసనమెక్కి, ఆరు దశాబ్దములకు పైగా పాలించి, చెదరియున్న తెలుగు సీమలను ఒక్క గొడుగు నీడకు తెచ్చెను. ఆయనకు పుత్రసంతానము లేదు. రుద్రమ, గణపాంబ అను కుమార్తెలు కలరు. ఆ కాలమున రాజు తరువాత సింహాసనము కుమారునిదే. కుమారుడు లేనిచో దాయాదులును సామంతులును రాజ్యమునకై కత్తులు దూయుదురు. అట్టి కలహములలో ముందుగా నలిగిపోవువారు స్త్రీలును శిశువులును.

గణపతిదేవుడు రుద్రమను కుమారునివలె పెంచెను. గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, విలువిద్య, రాజనీతి ఆమెకు బాల్యముననే నేర్పించెనని పెద్దలు చెప్పుదురు. సాము అనగా కండబలము మాత్రమే కాదు. అడుగు తడబడకుండ నిలుచుట, ఎదుటివాని చూపునుబట్టి దెబ్బను ముందుగా పసిగట్టుట, భయము కలిగినను మనసు చెదరనీయకుండుట అందలి ముఖ్యాంశములు. ఇవి పుట్టుకతో వచ్చునవి కావు, నిత్యసాధనచే అలవడునవి. ఆ సాధన బాలునకెట్లో బాలికకును అట్లే ఫలించును.

నిడదవోలు చాళుక్య వంశీయుడగు వీరభద్రునితో ఆమెకు వివాహము జరిగెను. 1260 ప్రాంతమున తండ్రి ఆమెను తనతోపాటు రాజ్యభారము వహింపజేసెను. శాసనములలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. స్త్రీ పేరిట వెలువడిన ఆజ్ఞను లోకము మన్నింపదేమో యను సంశయము ఆ కాలమున ఎంత బలముగా నుండెనో ఈ పేరే తెలుపుచున్నది.

ఆ సంశయము నిజమేయయ్యెను. స్త్రీ పాలనను సహింపలేక కొందరు తిరుగబడిరి. కాని రేచెర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి మొదలగు వీరులు ఆమె పక్షమున నిలిచిరి. ప్రసాదిత్యునకు కాకతీయ రాజ్యస్థాపనాచార్యుడను బిరుదు లభించినది. అంతలో దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తివచ్చెను. స్త్రీయని దయదలచి ఆయన రుద్రమను విడిచిపెట్టెనని యాదవుల ఆస్థాన పండితుడు వ్రాసెను. ఓరుగల్లు కథనము వేరు. ఆమె శత్రువును కోటవాకిటనుండి తరిమికొట్టి, దేవగిరివరకు వెంటాడెనని అది చెప్పును. బీదరు కోటలో దొరికిన కన్నడ శాసనము ఆమె సేనలు యాదవుల సీమలో అడుగుపెట్టినవని సాక్ష్యమిచ్చుచున్నది. రాయగజకేసరి యను బిరుదు ఆమెకు కలదు. శత్రురాజులనెడి యేనుగులకు సింహము వంటిదని దాని యర్థము.

రుద్రమ బలము యుద్ధమునకే పరిమితము కాలేదు. తండ్రి కట్టించిన ఓరుగల్లు రాతికోట గోడను ఆమె మరింత ఎత్తుచేయించెను. 1261వ సంవత్సరపు మల్కాపురపు శాసనమున, ఆమె గ్రామదానము చేసిన మఠమునకు అనుబంధముగా ఆరోగ్యశాలయు, స్త్రీలకొఱకు ప్రసూతిశాలయు నుండినట్లు తెలియుచున్నది. తరువాత మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ దేశపు రాణి న్యాయమును ప్రేమించునదని మెచ్చుకొనెను.

వార్ధక్యమునను ఆమెకు విశ్రాంతి లేదు. కాయస్థ నాయకుడగు అంబదేవుడు తిరుగబడెను. నల్లగొండ జిల్లా చందుపట్ల గ్రామమునందలి 1289 నవంబరు నాటి శాసనము రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని తెలుపుచున్నది. అంబదేవునిపై సాగిన దండయాత్రలోనే ఆమె అసువులు బాసెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు తరువాత రాజయ్యెను.

బాలబాలికలారా! రుద్రమదేవికి ఆయుధవిద్య ఆభరణము కాదు, అవసరము. అది లేకున్న ఆమె హక్కు ఆమెకు దక్కెడిది కాదు. నేడు రాజ్యములకై కత్తులు దూయువారు లేరు. కాని ఒంటరిగా నడచు బాలికను బెదరించువారు, ఇంటిలోనే చేయిచేసికొనువారు ఇంకను ఉన్నారు. అందుచేతనే ప్రభుత్వ పాఠశాలలలో 6వ తరగతినుండి బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ నిచ్చు పథకము ఏర్పడినది. దానికి ఝాన్సీ లక్ష్మీబాయి పేరు పెట్టిరి. దౌర్జన్యము జరిగినచో తప్పు చేసినవానిదే. దానికి గురియైన బాలిక సిగ్గుపడవలసినది లేదు. అయినను నిలువనేర్చిన కాలు, గట్టిగా కేకవేయనేర్చిన గొంతు ఆపదలో అక్కరకు వచ్చును. బాలురు ఇచట నేర్వవలసిన పాఠమును కలదు. రుద్రమ గెలుపు ఆమె ఖడ్గముచేతనే రాలేదు. ఆమె హక్కును గుర్తించి, వెంట నిలిచిన వీరులచేతను వచ్చెను. అట్టివారి సరసన నిలుచుటయే నిజమైన మగతనము.