కాలితో తిప్పలేని సారె

పోయిన ఏడాది నేను సెకండ్ సెమ్ పరీక్షలు ఎందుకు రాయలేదో మా క్లాస్‌వాళ్లకు తెలుసు. కోరుట్ల నుంచి జగిత్యాల వస్తుంటే బైక్ జారి పడ్డాను. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, లోపల ప్లేట్ వేశారు. కట్టు విప్పినంక చూసుకుంటే పెన్ను కూడా పట్టుకోరాలేదు. ఫిజియోథెరపీ అక్క ఒక మెత్తటి ముద్ద ఇచ్చి పొద్దున, సాయంత్రం పిసకమంది. దాని ధర చూసిన మా బాపు, ఇంత దానికి కొనుడెందుకని నన్ను కోరుట్లలో తెలిసిన ఒక కుమ్మరి తాత ఇంటికి తీసుకపోయాడు.

తాత ఏమీ అడగలేదు. తడిపిన మట్టి ముందర పెట్టి పిసకమన్నాడు. మొదటి రోజు అయిదు నిమిషాలకే కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఎండకాలం కదా, ఆయన రంజన్ల పనిలో ఉన్నాడు. పని చేసుకుంటూనే గోరా కుంభార్ కథ చెప్పాడు. అక్కినేని ‘చక్రధారి’ సినిమా చూసినవాళ్లకు తెలిసిన కథే. చేతులు పోగొట్టుకున్న ఆ కుమ్మరి భక్తుడికి పాండురంగడు మళ్లీ చేతులిచ్చాడు. కథ బాగుంది. కానీ నా మణికట్టు ఇదివరకు తిరిగినట్టు పూర్తిగా తిరగదని డాక్టర్ అప్పటికే చెప్పేశాడు. నాకు కావాల్సింది పోయింది తిరిగిరాని కుమ్మరి కథ. ఆ రాత్రి ఎడమ చేత్తో ఫోన్‌లో వెతుకుతుంటే దొరికినవాడే జోసయా వెజ్‌వుడ్.

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో బర్‌స్లెం అనే ఊరు. ఊరంతా కుండల పనే. 1730లో అక్కడి ఒక కుమ్మరి కుటుంబంలో అందరికన్నా చిన్నవాడిగా పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. చదువు ఆగిపోయి అన్న థామస్ దగ్గర పనిలో చేరాడు. చేతికి పని పట్టుబడుతున్న వయసులో మశూచి సోకింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు దెబ్బతిన్నది.

మన తాతలు సారెను కట్టెతో తిప్పి వదులుతారు. వెజ్‌వుడ్ నేర్చుకున్న సారె కాలితో తిప్పేది. సిరిసిల్లలో మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. కింద కాళ్లు ఆడకపోతే పైన చేతుల్లో ఎంత నేర్పున్నా బట్ట పడదు. ఆ పిల్లవాడిదీ అదే పరిస్థితి. చేతులు బాగానే ఉన్నాయి, కాలు సహకరించదు. కుమ్మరి ఇంట్లో పుట్టి సారె ముందు ఎక్కువసేపు కూర్చోలేకపోయాడు.

అందుకని సారె చుట్టూ ఉన్న మిగతా పనుల మీద పడ్డాడు. అచ్చులు చేయడం, మట్టి రకాలు కలిపి చూడడం, కుండ మీద మెరుపు పూత ఎలా నిలుస్తుందో పరీక్షించడం. 1754లో థామస్ వీల్డన్ అనే పేరున్న కుమ్మరితో భాగస్వామి అయ్యాడు. 1759లో సొంత పని మొదలుపెట్టాడు. ఆ ఏడాదే ప్రయోగాల పుస్తకం తెరిచాడు. ఏ మట్టి ఎంత, ఏ పూత ఎంత, బట్టీలో ఏమైంది, అన్నీ నంబర్లు వేసి, వేరేవాళ్లకు అర్థం కాకుండా గుర్తుల్లో రాసుకునేవాడు. మనం ల్యాబ్ రికార్డ్ సీనియర్ దగ్గర తెచ్చి కాపీ కొడతాం. ఆయన బడి వదిలేసినవాడు, సొంతంగా వేలకొద్దీ నమూనాలు కాల్చి చూశాడు.

1762లో లివర్‌పూల్ వెళ్తుంటే అదే మోకాలికి మళ్లీ దెబ్బ తగిలి మంచం పట్టాడు. వైద్యం చేసిన మాథ్యూ టర్నర్ తన స్నేహితుడు థామస్ బెంట్లీని పరిచయం చేశాడు. బెంట్లీ వ్యాపారి, బాగా చదువుకున్నవాడు. ఆ పరిచయం స్నేహమై, తర్వాత భాగస్వామ్యం అయింది. 1765లో షార్లెట్ రాణికి టీ సెట్ చేసి ఇచ్చాక వెజ్‌వుడ్ మీగడ రంగు పింగాణీకి క్వీన్స్ వేర్ అని పేరొచ్చింది.

పేరు వచ్చింది గానీ నొప్పి పోలేదు. చివరికి 1768 మే 28న కుడి కాలు మోకాలి పైకి తీసేశారు. ఆపరేషన్లలో మత్తుకు ఈథర్ వాడడం 1840లలో గానీ రాలేదు. అంటే ఆయన తెలివితోనే అంతా భరించాడు. మంచం మీద ఉండగానే, కొద్ది రోజులకే పసికొడుకు రిచర్డ్ చనిపోయాడు. భార్య సాలీ ఒకవైపు ఆ దుఃఖం, ఇంకోవైపు భర్త గాయం రెండూ మోసింది. ఇది చదివిన రోజు నా మణికట్టు గురించి ఎవరికీ చెప్పుకోవద్దనిపించింది.

ఏడాది తిరిగింది. 1769 జూన్ 13న ఎట్రూరియా అని పేరు పెట్టిన కొత్త కర్మాగారం మొదలైంది. ఆ రోజు కట్టె కాలుతో వెజ్‌వుడ్ సారె ముందు కూర్చున్నాడు. చక్రం తిప్పింది బెంట్లీ. ఇద్దరూ కలిసి ఆరు నల్లటి జాడీలు చేశారు. తాను తిప్పలేని సారెను స్నేహితుడు తిప్పితే, తన చేతులు చేయగలిగింది చేశాయి. ఆయన జీవితం మొత్తంలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఈ ఒక్క పూటే.

తర్వాత చేసినవి మన బ్రాంచ్‌లకూ పనికొచ్చేవి. బట్టీలో వేడి ఎంతుందో కొలిచే సాధనం లేక కుమ్మరులు మంట రంగు చూసి అంచనా వేసేవాళ్లు. మట్టి కాలితే కుంచించుకుపోతుంది కదా. ఆ గుణంతోనే వెజ్‌వుడ్ కొలత తయారుచేశాడు. చిన్న మట్టి బిళ్లను బట్టీలో కాల్చి, పోనుపోను ఇరుకయ్యే గాడిలో జరిపితే, ఎంత లోపలికి పోతే అంత వేడి అన్నమాట. దీనికి గుర్తింపుగా 1783లో రాయల్ సొసైటీ సభ్యుణ్ని చేశారు. 1787లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా, సంకెళ్లతో మోకరిల్లిన మనిషి బొమ్మతో పతకాలు చేసి ఉచితంగా పంచాడు. పనివాళ్ల మీద మాత్రం గట్టి అదుపు పెట్టేవాడు, ఆలస్యంగా వస్తే ఊరుకునేవాడు కాదు. 1795 జనవరి 3న చనిపోయాడు. ఆయన కూతురు సుసానా కొడుకే చార్లెస్ డార్విన్.

మట్టి ఆయన కాలును బాగుచేయలేదు. పోయిన కాలు పోయిందే. కాలు లేకున్నా చేయాల్సిన పని ఉందని మాత్రం మట్టి ఆయనకు చూపించింది. నాకు సంబంధించినంత వరకు బాగుపడడమంటే అదే.

నేను మూడు నెలలు తాత దగ్గరికి పోయాను. మధ్యలో మెకానికల్ వదిలేస్తానని ఇంట్లో గొడవ కూడా పెట్టుకున్న. చెయ్యి తిరగనోడు లేత్ ముందు ఏం చేస్తాడని నా వాదన. ఆషాఢంలో తాత బోనం కుండలు చేస్తుంటే ఒకసారి సారె తిప్పమని కట్టె నా చేతికిచ్చాడు. నేను ఎడమ చేత్తో తిప్పిన, ఆయన కుండ లేపాడు. నాకు ఎట్రూరియా గుర్తొచ్చింది. తాతకు ఆ పేరు తెలియదు, నేనూ చెప్పలేదు.

బ్రాంచ్ మారలేదు. బ్యాక్‌లాగ్‌లు రాసిన, ఒకటి ఇంకా ఉంది. లేత్ ల్యాబ్‌లో మా బ్యాచ్‌మేట్ హ్యాండిల్ తిప్పుతాడు, రీడింగులు నేను తీస్తాను. నేను చేసిన మొదటి గురిగి వంకరగా వచ్చినా తాత దాన్ని మిగతావాటితో కలిపి ఆవంలో పెట్టాడు. పగలకుండా బయటికొచ్చింది. హాస్టల్ రూమ్‌లో టేబుల్ మీద ఉంది, పెన్నులు దాంట్లోనే పెడుతున్న.