ఆదివారపు బడి బాలంటైను దొరగారు

సండేస్కూలు మాట వచ్చినప్పుడు రాబర్టు రెయిక్సు దొరగారిని మనము తలంచుకొందుము. అమెరికాలో యూటా రాష్ట్రమువారు తలంచుకొను పేరు వేరు. అది రిచర్డు బాలంటైను దొరగారిది. ఈయన మోర్మను సంఘమువారు. ఆ సంఘ సిద్ధాంతములు అనేకములు మనకు సమ్మతములు కావు. అయినను ఈయన యొక సంవత్సరము మన మదరాసులో నివసించి వెళ్లిరి. అంతకంటె ముఖ్యముగా, ఉపాధ్యాయుడు చేయదగిన పని నొకదానిని తమంతట తామే తలకెత్తుకొనిరి. కావున వీరి చరిత్రను మా విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

బాలంటైను గారు 1817 ఆగస్టు 26వ తేదీన స్కాట్లండు దేశములోని రాక్స్‌బరోషైరునందు పుట్టిరి. చిన్ననాడే రొట్టెలు కాల్చువాని యొద్ద పనికి కుదిరి, ఆ వృత్తి నేర్చి, తరువాత స్వంతముగా వ్యాపారము పెట్టుకొనిరి. ప్రెస్బిటీరియనులలో రిలీఫ్ సంఘమను శాఖ యొకటి యుండెడిది. అందు వీరు పెద్దగా నుండి, ఆదివారములందు పిల్లలకు వాక్యము నేర్పుచుండిరి. 1842 డిసెంబరులో ఎడింబరో చెంతనున్న లీత్ అను రేవున మోర్మను బాప్తిస్మము పొందిరి. మరుసటి యేడు తల్లిని, తోబుట్టువులను వెంటబెట్టుకొని సముద్రము దాటి, మిసిసిపీ నదీతీరమున మోర్మనులు కట్టుకొనిన నావూ పట్టణము చేరిరి.

అచ్చట సుఖమేమియు దొరకలేదు. 1844లో ఆ సంఘ స్థాపకుడైన జోసెఫ్ స్మిత్తును అల్లరిమూక చెరసాలలోనే కాల్చి చంపెను. 1846లో వారందరును ఇండ్లు వాకిండ్లు విడిచి పడమటికి సాగవలసి వచ్చెను. ఆ వేసవిలో బాలంటైను గారును మరికొందరును శత్రువుల చేజిక్కి, రెండు వారములు బందీలై, ప్రాణములపై ఆశ వదలుకొని యుండిరి. ఏ మతమువారైనను సరే, విశ్వాసము నిమిత్తము మనుష్యులను ఇట్లు తరుముట క్రైస్తవ దేశమునకు మచ్చయని మేము తలంచెదము. 1847లో వీరు హల్దా క్లార్కను కన్యను వివాహమాడిరి. 1848లో ఎడ్లబండ్లపై వేయి మైళ్లకు పైగా ప్రయాణము చేసి, సాల్ట్‌లేకు లోయలో ప్రవేశించిరి.

అది ఎండిన నేల. కొండవాగులకు కాలువలు త్రవ్వినగాని గింజ పండదు. తల్లిదండ్రులు నాగలి, గొడ్డలి, మట్టి యిటుకలు, వీనితోనే ప్రొద్దు పుచ్చుచుండిరి. ఆదివారము వచ్చినచో పెద్దలు ఆరాధనకు పోవుదురు. పిల్లలు వీధులలో ఆడుచుందురు. ఇది చూచి బాలంటైను గారి మనస్సు కలత చెందెను. స్కాట్లండులో తాము నడిపిన బడి వారికి జ్ఞాపకము వచ్చియుండును. బిషప్పు గారి సెలవు పొంది, తాము కట్టుకొను ఇంటిలోనే బడికి చాలునంత విశాలమైన గది యొకటి చేర్చి కట్టిరి. మట్టి యిటుకల గోడలు, మొరటు బల్లలు. గది సిద్ధమైనప్పటికి చలికాలము వచ్చెను. 1849 డిసెంబరు 9వ తేదీ ఆదివారము ప్రొద్దుటనే సుమారు ముప్పదిమంది పిల్లలతో బడి ఆరంభమయ్యెను. కొలదికాలములోనే సంఖ్య ఏబదికి చేరెను. ముఖ్యముగా క్రొత్త నిబంధన నుండియే పాఠములు చెప్పిరి. స్వంత గూడే సరిగా లేని మనుష్యుడు తన యింటిలో సగము పరుల పిల్లలకు విడిచిపెట్టెనన్న సంగతిని మా తోటి ఉపాధ్యాయులు గమనింతురుగాక. మరుసటి యేడు ఆ బడి, ఆ పేట ప్రార్థనామందిరములోనికి మారెను. ఇట్టి బడులు ఇతర పేటలలోను లేచెను. 1867లో వానినన్నిటిని కూర్చి డెసెరెట్ సండేస్కూలు యూనియను ఏర్పరచిరి.

1852 ఆగస్టులో సంఘపు పెద్దలు వీరిని హిందూదేశమునకు పోవలసినదిగా నియమించిరి. భార్యను, పసిబిడ్డలను విడిచి, చేత డబ్బు లేక బయలుదేరిరి. 1853 జనవరిలో సాన్‌ఫ్రాన్సిస్కో రేవున ఓడ యెక్కి, ఏప్రిలులో కలకత్తా చేరి, అచ్చటినుండి జూలైలో మదరాసున దిగిరి. బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు ఆ పట్టణముననే అచ్చై వెలువడి అప్పటికి ఒక సంవత్సరమైనది. కాని వీరి బోధ యంతయు ఇంగ్లీషులోనే, ముఖ్యముగా తెల్లవారి మధ్యనే, జరిగెను. కరపత్రములు వ్రాసి అచ్చువేయించిరి. 1854లో పత్రిక కూడ వెలువరించిరి. పురుషుడు అనేక భార్యలను గైకొనవచ్చునను బోధను ఆ సంఘమువారు వీరిని పంపిన ఆగస్టునందే బహిరంగముగా ప్రకటించియుండిరి. ఆ వార్త వీరి వెంటనే నడచి, తలుపులు మూయించెను. చేరినవారు స్వల్పసంఖ్యాకులు. 1854 జూలైలో వీరు మదరాసు విడిచిరి.

ఇంగ్లండు మీదుగా తిరిగి వెళ్లుచు, 1855 జనవరిలో లివర్‌పూలునుండి వలసవచ్చు విశ్వాసులను ఓడలో తోడ్కొని పోయిరి. పిమ్మట సుమారు నాలుగువందలమందిగల బండ్ల సమూహమునకు నాయకులై మైదానములు దాటించి, సెప్టెంబరు 25న లోయ చేర్చిరి. ఇట్లు పడమటి దిక్కుగా బయలుదేరినవారు తూర్పునుండి ఇల్లు చేరిరి. డబ్బు లేకుండ భూమిని చుట్టి వచ్చుట సామాన్యమైన పని కాదు.

ఆ తరువాత వీరును మరి యిద్దరు భార్యలను స్వీకరించిరి. ఇది దాచుట చరిత్రకారుని పని కాదు. దీనిని మెచ్చుట మా చేత కాదు. ఆ సంఘమే 1890లో ఇట్టి వివాహములు ఇక చేయరాదని ప్రకటించినది. కడపటి కాలము ఆగ్డెను పట్టణమున గడచెను. సేద్యము, వర్తకము, రైలుదారి కంట్రాక్టు, వార్తాపత్రిక, ఇన్నింటియందును చేయి పెట్టిరి. సొమ్ము నిలువలేదు. ఆదివారపు బడిని మాత్రము విడువలేదు.

1898 నవంబరు 8వ తేదీన, ఎనుబది యొకటవ యేట, ఆగ్డెనులోనే తనువు చాలించిరి. మట్టిగోడల గదిలో ముప్పదిమందితో మొదలైన ఆ బడికి ఏబదియేండ్ల పండుగ మరుసటి సంవత్సరమే జరిగెను.