గ్రంథాల నుంచి గిరులకు

పరిశోధన చేయదలచిన విద్యార్థికి ఆసక్తి ఒక్కటే చాలదు. తగిన ప్రశ్న, దారి చూపే గురువు, కృషిని నిలబెట్టే ఆర్థిక సహాయం కూడా కావాలి. ఈ మూడింటినీ ఐరోపాలో సంపాదించుకొని, ఆ విద్యను మన గిరిజనుల మేలుకు వినియోగించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సామాజిక వ్యవస్థపై సిద్ధాంత వ్యాసం రాసి, 1931లో వియన్నా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఆ వ్యాసానికి గ్రంథాలే ఆధారం. అందులో వర్ణించిన గ్రామాలను ఆయన అప్పటికి చూడలేదు.

ఈ లోటును తీర్చే విద్య లండన్‌లో ఉన్నది. ప్రజల మధ్య నివసించి, వారి భాష నేర్చి, వారి జీవితాన్ని పరిశీలించే పద్ధతిని ఆచార్య మాలినోవ్‌స్కీ అక్కడ బోధించేవారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్ లభించడంతో హైమన్‌డార్ఫ్ ఆయన సన్నిధికి చేరారు. అనంతరం నాగా కొండల పాలనాధికారి జె.పి. మిల్స్ తోడ్పాటుతో 1936లో నాగాల మధ్యకు వెళ్లి, తాను చదివిన దానిని కళ్లారా చూశారు.

1939లో భార్య బెట్టీతో కలిసి మళ్లీ భారతదేశానికి వచ్చారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో విలీనమైనందున ఆయన వద్ద ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. తొలుత హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లే వీలు లేకపోయింది. ఆ నిర్బంధాన్నే ఆయన అవకాశంగా మలచుకున్నారు. నిజాం ప్రభుత్వ సహకారంతో మొదట నల్లమల చెంచులను, 1941లో గోదావరి తీరాన తూర్పు కనుమలలోని కొండరెడ్లను అధ్యయనం చేశారు.

కొండరెడ్లు పోడు వ్యవసాయంతో, అడవి దుంపలతో, జీలుగు చెట్లతో బతికేవారు. కలప వ్యాపారుల కోసం వెదురు నరికి, అప్పుల నుంచి బయటపడలేక తరతరాలుగా నలిగిపోయేవారు. హైమన్‌డార్ఫ్ వారి ఆచారాలను వర్ణించి ఊరుకోలేదు. వారి దుస్థితిని నివేదికల ద్వారా ప్రభుత్వానికి తెలియజేశారు. 1945లో వెలువడిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ఆ కృషి ఫలితమే. కోరాపుట్ కొండలలోని గదబ, బోండో తెగల రాతి స్మారకాల సంప్రదాయం గురించి కూడా ఆయన రాశారు.

ఆదిలాబాదు గోండుల కోసం మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసింది. వేలాది కుటుంబాలకు భూమి పట్టాలు లభించాయి. 1945లో ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. 1949లో లండన్ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ఆచార్య పదవి పొందారు. 1970లలో తిరిగి వచ్చినప్పుడు, పట్టా పొందిన భూములు అనేకం గిరిజనేతరుల పాలైనట్లు గమనించి కలత చెందారు. 1982లో ప్రచురించిన గ్రంథంలో ఆ అన్యాయాన్ని నమోదు చేశారు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో మరణించగా మార్లవాయిలో ఖననం చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో కన్నుమూశారు. ఆయన అస్థికలు కూడా తరువాత ఆ గ్రామానికే చేరాయి. ఒక ఫెలోషిప్ ఆయనకు పరిశోధకుడిగా నిలిచే అవకాశమిచ్చింది. ఆ అవకాశం తనకు మాత్రమే చెందినది కాదని ఆయన జీవితం నిరూపించింది.