అంతశ్చేతన తలుపు తట్టిన వైద్యుడు

గాయకుని కంఠమాధుర్యానికో, గారడివాని చేతివాటానికో మైమరచినప్పుడు మెస్మరిజం అనే మాటను వాడుతుంటాం. ఆ మాటకు మూలం ఒక వైద్యుని పేరు. తాను కనుగొన్నదేమిటో తానే గుర్తించలేకపోయిన ఆ విచిత్ర వ్యక్తి ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్.

ఆయన 1734 మే 23న జర్మన్ ప్రాంతమైన స్వాబియాలో, కాన్‌స్టాన్స్ సరస్సు తీరాన ఉన్న ఇజ్నాంగ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి అటవీ సంరక్షకుడు. మెస్మర్ వియన్నాలో వైద్యవిద్య నభ్యసించి, మానవ శరీరంపై గ్రహాల ప్రభావాన్ని గూర్చి 1766లో సిద్ధాంతవ్యాసం రచించి పట్టం పొందాడు. విశ్వమంతటా అదృశ్యమైన ఒక ద్రవం వ్యాపించి ఉన్నదనీ, దేహంలో దాని ప్రవాహానికి ఆటంకం కలిగితే రోగాలు పుడతాయనీ ఆయన విశ్వాసం. 1774లో ఒక యువతికి అయస్కాంతాలతో చికిత్స చేయగా ఉపశమనం కలిగింది. తరువాత అయస్కాంతాలు లేకుండా కేవలం చేతులు కదిలించినా అదే ఫలితం కనబడింది. ఆ శక్తి తన దేహంలోనే ఉన్నదని ఆయన నిశ్చయించి, దానికి జీవ అయస్కాంతత్వమని పేరు పెట్టాడు.

1777లో మరియా తెరీసియా పారడిస్ అనే అంధ సంగీత విదుషీమణికి చూపు తెప్పించానని ప్రకటించగా, తోటి వైద్యులు అంగీకరించలేదు. తల్లిదండ్రులు ఆమెను తీసుకొనిపోయారు. అపనిందల నడుమ మెస్మర్ వియన్నాను విడిచి 1778లో పారిస్ చేరాడు. అక్కడ ఆయన కీర్తి మిన్నంటింది. ఒక పెద్ద కొయ్యతొట్టి చుట్టూ రోగులు కూర్చుండి, దాని నుండి వెలువడిన ఇనుప కడ్డీలను నొప్పి ఉన్నచోట ఆనించుకొనేవారు. మంద్రమైన సంగీతం వినిపిస్తుండగా కొందరు వణికేవారు, కొందరు మూర్ఛిల్లేవారు. పలువురు స్వస్థత కలిగిందని చెప్పేవారు.

నిజానిజాలు తేల్చడానికి 1784లో పదహారవ లూయీ రాజు పండితుల సంఘాన్ని నియమించాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజే అందులో సభ్యులు. మెస్మర్ శిష్యుడైన డెస్లాన్ ఫ్రాంక్లిన్ తోటలోని ఒక చెట్టుకు శక్తి నింపానన్నాడు. సుమారు పన్నెండేండ్ల బాలుని కండ్లకు గంతలు కట్టి, వరుసగా వేరే చెట్ల వద్దకు నడిపించారు. నాలుగవ చెట్టు వద్ద అతడు స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి నింపిన చెట్టు మాత్రం దూరంగానే ఉండిపోయింది! అదృశ్య ద్రవం లేదనీ, ఆ ఫలితాలకు ఊహాశక్తియే ప్రధాన కారణమనీ సంఘం తీర్పు చెప్పింది.

శిష్యుడు చేసిన పరీక్షలు తనకు వర్తించవని మెస్మర్ వాదించాడు. కాని ప్రతిష్ఠ నిలువలేదు. 1815 మార్చి 5న, తాను పుట్టిన సరస్సు తీరానగల మీర్స్‌బర్గ్‌లో ఆయన కన్నుమూశాడు.

ఆయన సిద్ధాంతం కూలినా, ఆయన చూపిన ఫలితాలు మరుగున పడలేదు. 1784లోనే ఆయన శిష్యుడు ప్యూసెగూర్ ఒక రైతు యువకుని నిద్రవంటి ప్రశాంత స్థితిలోకి తీసుకొనిపోయాడు. ఆ స్థితిలోనూ అతడు మాట్లాడుతూ, చెప్పినట్లు నడుచుకొన్నాడు. తరువాత జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు దీనికి కారణం ద్రవం కాదనీ, ఏకాగ్రమైన ధ్యాస అనీ వివరించి, 1843లో వెలువడిన తన గ్రంథంలో హిప్నాటిజం అనే పేరును స్థిరపరచాడు. నేడు నొప్పిని, ఆందోళనను తగ్గించడానికి కొందరు వైద్యులు దీనిని ఉపయోగిస్తున్నారు.

మెస్మర్ తన చేతులలో ఉన్నదనుకొన్న శక్తి నిజానికి రోగి మనస్సులోనే ఉన్నది. ఇతరుల మాట మన ఎరుక లేకుండానే అంతశ్చేతనను చేరి దేహాన్ని సైతం కదిలించగలదు. ఆ మాట వైద్యునిదైతే ఊరట, వంచకునిదైతే హాని. ఏ మాటను లోనికి రానివ్వాలో పరీక్షించి చూచే వివేకమే మనకు రక్ష.